ఎంతమంది పిల్లలు? ఒక ప్రశ్న, మూడు జవాబులు: బడుల సహాయ సేవకు డేటాబేస్ ప్లాన్ చేయడం ఎందుకంత చిక్కు

ఏడాది చివర నిధులిచ్చేవాళ్లు అడిగే ప్రశ్న చిన్నదే: "ఎంతమందికి సాయం చేశారు?" చదవడంలో తడబడుతున్న ఆరుగురు పిల్లల్ని ఒక టీచరు వారానికోసారి కూర్చోబెట్టి పది వారాలు చెప్పిందనుకుందాం. ఎవరూ ఒక్కరోజు కూడా మానలేదు. హాజరు పట్టీ చూసినవాళ్లు 60 అంటారు. టీచరు డైరీ చూసినవాళ్లు 10 అంటారు. పేర్లు లెక్కపెట్టినవాళ్లు 6 అంటారు. ముగ్గురి లెక్కా సరైనదే. హాజరులు 60, తరగతులు 10, పిల్లలు 6.

సహాయ సేవకు డేటాబేస్ పెట్టుకోవాలనే మాట రాగానే చర్చంతా ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న దాని చుట్టూ తిరుగుతుంది. ప్రాజెక్టులు ఇరుక్కుపోయేది మాత్రం చాలాసార్లు ఈ 60, 10, 6 దగ్గరే. పట్టికలో ఒక వరుస అంటే ఏమిటి? పిల్లా, తరగతా, హాజరా? ఇది తేలకుండా కొన్న సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా, ఏడాది చివర మళ్లీ ముగ్గురూ మూడు అంకెలే చెబుతారు.

ఇక్కడ సహాయ సేవ అంటే ఏ ఒక్క బడికీ చెందకుండా, చాలా బడులకు వెళ్లి పనిచేసే బృందం. మాట సరిగా రాని పిల్లలకు స్పీచ్ థెరపీ, చూపు లేదా వినికిడి లోపం ఉన్నవాళ్లకు ప్రత్యేక బోధన, కౌన్సెలింగ్, వినికిడి యంత్రాల్లాంటి పరికరాలు అప్పివ్వడం, ఇలాంటివన్నీ ఇందులోకి వస్తాయి. బడి తన పిల్లల్ని మాత్రమే చూసుకుంటే సరిపోతుంది. ఈ బృందం మాత్రం ఎన్నో బడుల పిల్లల్ని, ఎందరో నిపుణుల్ని, ఏళ్ల తరబడి సాగే పనుల్ని ఒకేచోట గుర్తుంచుకోవాలి. బడుల కోసం తయారైన సాఫ్ట్‌వేర్ ఇక్కడ అంతగా అతకకపోవడానికి ఇదే కారణం.

స్ప్రెడ్‌షీట్ ఎక్కడిదాకా మోస్తుంది

దాదాపు ప్రతి సేవా స్ప్రెడ్‌షీట్‌తోనే మొదలవుతుంది. అందులో తప్పేమీ లేదు. ఇద్దరు నిపుణులు, నలభై మంది పిల్లలు ఉన్నచోట డేటాబేస్ పెట్టడం అవసరానికి మించిన పనే. స్ప్రెడ్‌షీట్ అందరికీ తెలుసు, వెంటనే మార్చుకోవచ్చు, ఎవరి దగ్గరా అనుమతి తీసుకోనక్కర్లేదు.

ఆ స్వేచ్ఛే తర్వాత ఇబ్బంది పెడుతుంది. ఏ గడిలో ఏం రాసినా అది ఒప్పుకుంటుంది. పుట్టిన తేదీ గడిలో "అమ్మని అడగాలి" అని రాసినా ఊరుకుంటుంది. పైగా మనం అడగని మార్పులు కూడా చేస్తుంది. మార్చ్1 అనే జన్యువు పేరును ఎక్సెల్ మార్చి 1వ తేదీగా మార్చేస్తుండటంతో విసిగిపోయి, 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ ఏకంగా అలాంటి జన్యువుల పేర్లే మార్చేసింది. సాఫ్ట్‌వేర్ మారే దారి లేక శాస్త్రం తలవంచిందన్నమాట.

అదే సంవత్సరం ఇంగ్లండులో ఇంకా పెద్ద పొరపాటు జరిగింది. కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. మిగిలినవి చప్పుడు లేకుండా జారిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. కొత్త ఫార్మాట్‌లో పరిమితి 10,48,576 వరుసలు. సహాయ సేవ ఏదీ అంతదూరం వెళ్లకపోవచ్చు. కానీ ఈ ఉదంతంలో చూడాల్సింది వరుసల సంఖ్యను కాదు. సమాచారం పోతున్నప్పుడు ఎవరికీ హెచ్చరిక రాలేదు, అదీ అసలు ముప్పు.

డేటాబేస్ ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఏ గడిలో ఏ రకం సమాచారం పడాలో ముందే చెప్పాలి. తేదీ గడిలో తేదీ కానిది పెడితే తిరగ్గొడుతుంది. లేని బడి నంబరు ఇస్తే తీసుకోదు. ఈ మొండితనం కోసమే దాన్ని తెచ్చుకుంటాం, మొదటి నెలలో ఉద్యోగులు విసుక్కునేదీ ఈ మొండితనాన్నే.

ఒక విషయం ఒకేచోట

ఇప్పుడు వాడుకలో ఉన్న డేటాబేస్‌లలో అత్యధిక భాగం ఎడ్గర్ కాడ్ అనే ఐబీఎం శాస్త్రవేత్త 1970లో ప్రచురించిన ఆలోచన మీద నడుస్తున్నాయి. ఆలోచన వింటే సులువే. సమాచారాన్ని పట్టికలుగా పెట్టాలి. ఒక్కో పట్టిక ఒక్కో రకం వస్తువు గురించి మాత్రమే చెప్పాలి. పట్టికల మధ్య సంబంధాన్ని ఆ గడుల్లోని విలువలే చెప్పాలి. ఒకే విషయాన్ని రెండుచోట్ల రాయకుండా పట్టికలను విడగొట్టే పద్ధతిని నార్మలైజేషన్ అంటారు.

మన స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి వరుసలో పిల్ల పేరు, బడి పేరు, బడి ఫోను నంబరు, థెరపిస్టు పేరు, తేదీ ఉన్నాయనుకుందాం. బడి ఫోను నంబరు మారింది. ఆ బడి పేరు 212 వరుసల్లో ఉంది. 209 మార్చారు, 3 మిగిలిపోయాయి. ఇక నుంచి ఆ బడికి రెండు ఫోను నంబర్లు, ఏది సరైనదో ఎవరూ చెప్పలేరు. బడుల పట్టిక విడిగా ఉంటే నంబరు ఒక్కచోటే ఉంటుంది, మార్చేదీ ఒక్కసారే.

అలా విడగొట్టుకుంటూ పోతే సహాయ సేవకు సాధారణంగా ఇవి తేలతాయి: పిల్లలు, బడులు, సిబ్బంది, అభ్యర్థనలు, తరగతులు లేదా సెషన్లు, హాజరు. "ఈ పాపకు మాట సాయం కావాలి" అని బడిగానీ తల్లిదండ్రులుగానీ పంపేది అభ్యర్థన. ఒకే పాపకు ఫిబ్రవరిలో మాట కోసం, అక్టోబరులో చదువు కోసం రెండు అభ్యర్థనలు రావచ్చు. రెండూ వేర్వేరుగా మొదలై వేర్వేరుగా ముగుస్తాయి. "ఎన్ని రోజులు ఎదురుచూశారు" అన్న లెక్క అభ్యర్థనకు ఉంటుంది, పాపకు ఉండదు. ఈ రెంటినీ కలిపేసిన పట్టికల్లో రెండో అభ్యర్థన వచ్చిన రోజే మొదటి దాని తేదీ చెరిగిపోతుంది.

హాజరు పట్టికను విడిగా ఎందుకు పెట్టాలో మొదట చెప్పిన ఆరుగురు పిల్లల దగ్గరే ఉంది. ఒక సెషన్‌లో చాలామంది పిల్లలు, ఒక పిల్లకు చాలా సెషన్లు. ఇలాంటి సంబంధాన్ని ఏ ఒక్క పట్టికలో ఇరికించబోయినా తంటానే. సెషన్ల పట్టికలో "పిల్ల 1, పిల్ల 2, పిల్ల 3" అని కాలమ్‌లు పెడితే ఏడో పిల్ల వచ్చిన రోజు మళ్లీ కాలమ్ వెయ్యాలి. పిల్లల పట్టికలో సెషన్లు పెడితే ఒకే గంట ఆరుసార్లు నమోదై, టీచరు పది గంటలు కాస్తా అరవై గంటలవుతాయి. మధ్యలో హాజరు అనే మూడో పట్టిక పెట్టి, ప్రతి వరుసలో ఒక పిల్ల నంబరు, ఒక సెషన్ నంబరు రాస్తే 6, 10, 60 మూడూ ఒకే సమాచారం నుంచి తప్పు లేకుండా వస్తాయి. నిధులిచ్చేవాళ్లకు ఏ అంకె చెప్పాలన్నది అప్పుడు మనుషులు నిర్ణయించుకోవచ్చు.

పాప బడి మారింది

ప్లాన్‌లో ఎక్కువమంది మరిచిపోయేది కాలాన్ని. కాగితం మీద గీసిన పట్టికలో ప్రపంచం కదలకుండా నిలబడి ఉంటుంది. పిల్లలు మాత్రం ప్రతి ఏడూ తరగతి మారతారు, బడి మారతారు, ఒక్కోసారి ఇంటిపేరు కూడా మారుతుంది.

ఒక పాప ఆగస్టు చివరి దాకా మొదటి బడిలో చదివి, సెప్టెంబరు 1న రెండో బడిలో చేరిందనుకుందాం. మొత్తం 14 సెషన్లకు వచ్చింది. అందులో 9 మొదటి బడిలో, 5 రెండో బడిలో. పిల్లల పట్టికలో "బడి" అనే గడి ఒక్కటే ఉండి, సెప్టెంబరులో దాన్ని మార్చేస్తే ఏమవుతుంది? డిసెంబరులో తీసే నివేదికలో 14 సెషన్లూ రెండో బడి ఖాతాలో పడతాయి. సమాచారం ఎక్కించినవాళ్లు ఏ తప్పూ చేయలేదు. అయినా మొదటి బడి ప్రధానోపాధ్యాయుడు "మా బడికి మీరు రానేలేదు" అని నివేదిక చూపిస్తే బదులు చెప్పలేరు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, చేరికలు అనే పట్టిక: ఏ పిల్ల, ఏ బడి, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా. రెండోది, ప్రతి సెషన్‌తో పాటే అది జరిగిన బడిని కూడా రాసిపెట్టడం. ఒక విషయం ఒకేచోట అన్న సూత్రాన్ని పట్టుకునేవాళ్లు మొదటి దారే సరైనదంటారు. రెండోది సూత్రానికి విరుద్ధంలా కనిపిస్తుంది గానీ అది వేరే విషయం చెబుతుంది: పిల్ల ఎక్కడ చదువుతోందని కాక, ఆ రోజు పని ఎక్కడ జరిగిందని. పక్క బడికి వెళ్లి సెషన్‌లో కూర్చునే పిల్లలుంటే రెండూ కావాలి.

వయసు విషయంలో మాత్రం వాదనకు చోటు లేదు. వయసును ఎప్పుడూ దాచకూడదు. పుట్టిన తేదీ దాచి, వయసు లెక్కగట్టుకోవాలి. "8" అని రాసిన గడి పన్నెండు నెలల్లోపే అబద్ధమైపోతుంది.

ఈ శ్రీను, ఆ శ్రీనివాసు ఒకరేనా

బడి పంపిన కాగితంలో శ్రీనివాస్. తల్లి ఫోనులో చెప్పినప్పుడు శ్రీను. థెరపిస్టు రాసుకున్నది శ్రీనివాసు. మూడు వరుసలు పడ్డాయి. వెతికినవాళ్లకు ఒక వరుసలో మాట సమస్య కనిపిస్తుంది, వినికిడి పరీక్ష ఫలితం ఇంకో వరుసలో ఉండిపోతుంది. ఈ రెండూ కలిపి చూసినవాళ్లకే కారణం తెలిసేది.

అందుకే ప్రతి వరుసకూ ఒక గుర్తింపు సంఖ్య ఉండాలంటారు, దాన్నే ప్రైమరీ కీ అంటారు. ఏ సంఖ్య అన్న దగ్గర అభిప్రాయాలు చీలతాయి. బయట ఇప్పటికే ఉన్న సంఖ్యను, అంటే బడి అడ్మిషన్ నంబరునో ప్రభుత్వ గుర్తింపు సంఖ్యనో వాడితే ఇతర సంస్థల సమాచారంతో పోల్చుకోవడం సులువు, ఒకే పిల్ల రెండుసార్లు నమోదయ్యే ప్రమాదం తగ్గుతుంది. అయితే అడ్మిషన్ నంబర్లు బడి బడికీ మొదటి నుంచి మొదలవుతాయి, రెండు బడుల్లో 147లు రెండుంటాయి. ప్రభుత్వ సంఖ్య అందరు పిల్లలకూ ఉండకపోవచ్చు, దాన్ని దాచుకునే హక్కు మన సేవకు లేకపోనూవచ్చు. అన్నిటికీ మించి, తప్పుగా ఎక్కిన సంఖ్యను తర్వాత సరిదిద్దాల్సి వస్తే దానితో ముడిపడిన ప్రతి వరుసా కదులుతుంది.

సేవ తనకు తాను ఇచ్చుకునే అర్థంలేని సంఖ్య రెండో పద్ధతి. 1, 2, 3 అంతే. ఆ సంఖ్యలో సంవత్సరం, బడి కోడ్, తరగతి ఇరికించాలని ఎవరికైనా సరదా పుడుతుంది. వద్దనే నా మాట, ఎందుకంటే అర్థమున్న సంఖ్య ఆ అర్థం మారిన రోజున తప్పుడు సంఖ్య అవుతుంది. బయటి సంఖ్యలు అవసరమైతే వాటిని విడిగా మామూలు గడుల్లో ఉంచుకోవచ్చు.

ఏ సంఖ్య పెట్టినా రెండుసార్లు నమోదు కావడం పూర్తిగా ఆగదు. అందుకే రెండు వరుసలు ఒకే పిల్లవని తేలినప్పుడు వాటిని ఎవరు కలపాలి, పొరపాటున కలిపినవాటిని ఎలా విడదీయాలి అన్నది ప్లాన్‌లోనే ఉండాలి. కవలల్ని ఒక్కరిగా కలిపేయడం చాలా తేలిక. ఇంటిపేరు, పుట్టిన తేదీ, చిరునామా, బడి అన్నీ ఒకటే కదా.

జాబితాలో ఎంచుకోవడమా, సొంత మాటల్లో రాయడమా

నివేదికలు తయారుచేసేవాళ్లకు జాబితాలు కావాలి. "సాయం అవసరమైన కారణం" దగ్గర ఎనిమిది ఎంపికలుంటే వాళ్లు నిమిషంలో లెక్క తీస్తారు. పిల్లలతో పనిచేసేవాళ్లకు ఖాళీ చోటు కావాలి. ఒక పిల్ల బడిలో నోరు విప్పదు, ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. ఈ పిల్లను ఎనిమిదింట్లో ఎక్కడ పెట్టాలి? కౌన్సెలర్ "ఇతరములు" నొక్కుతుంది. ఆ మరుసటి పిల్లకూ అదే నొక్కుతుంది. జాబితా ఆఖర్న ఉన్న ఆ మాట కొన్నాళ్లకు అన్నిటికన్నా పెద్ద వర్గమై కూర్చుంటుంది.

రెండు పక్షాలూ చెప్పేది నిజమే కాబట్టి చాలాచోట్ల రెండూ పెడతారు: లెక్కకు జాబితా, మనిషికి రాసుకునే చోటు. దీనికీ ధర ఉంది. ప్రతి సెషన్ తర్వాత నమోదుకు రెండు నిమిషాల బదులు ఏడు నిమిషాలు పడితే, రోజుకు ఆరు సెషన్లు చేసే థెరపిస్టుకు అరగంట పోయినట్టే. ఆమె ఆ అరగంటను శుక్రవారం సాయంత్రానికి వాయిదా వేస్తుంది, అప్పటికి ఏం జరిగిందో సగమే గుర్తుంటుంది.

జాబితాలు కూడా కాలంతో మారతాయి. "చదువులో వెనకబాటు" అనే ఎంపికను వచ్చే ఏడాది రెండుగా విడగొట్టారనుకోండి. పాతదాన్ని తీసేస్తే పాత వరుసలు అనాథలవుతాయి. పాతదాన్ని కొత్తవాటిలో ఒకదానికి అంటగడితే నిపుణులు చెప్పని మాట వాళ్ల చేత చెప్పించినట్టవుతుంది. దాన్ని "ఇక కొత్తగా వాడకూడదు" అని గుర్తు పెట్టి అలాగే ఉంచడం మేలు. అప్పుడు రెండు సంవత్సరాలను పోల్చే చార్టులో ఒక తెగిన గీత కనిపిస్తుంది, కనిపించాలి కూడా.

పంచుకుంటే భయం, దాచుకుంటే ప్రమాదం

పిల్లల సమాచారం మీద జరిగే వాదన ఇంకా ముగియలేదు. ఇంగ్లండు అనుభవం రెండు వైపులనూ చూపిస్తుంది. 2000లో లండన్‌లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప, చూసుకోవాల్సినవాళ్ల చేతుల్లోనే హింసకు గురై చనిపోయింది. ఆసుపత్రులు, సంక్షేమ శాఖలు, పోలీసులు ఎవరికివారు ఆమెను చూశారు. ఎవరికి తెలిసింది వాళ్ల దగ్గరే ఉండిపోయింది. 2003లో వచ్చిన విచారణ నివేదిక ఆ వైఫల్యాన్ని బయటపెట్టింది. 2004లో వచ్చిన చట్టం ఆధారంగా, దేశంలోని పిల్లలందరి పేర్లు, చిరునామాలు, వాళ్లతో పనిచేసే సంస్థల వివరాలు ఒకేచోట ఉంచే కాంటాక్ట్‌పాయింట్ అనే డేటాబేస్ తయారైంది. అందులో కేసు వివరాలు పెట్టలేదు, ఎవరు ఎవరిని సంప్రదించాలో మాత్రమే ఉంది. అయినా లక్షల మంది ఉద్యోగులకు అందుబాటులో ఉండే అలాంటి జాబితా పిల్లలకు రక్షణా, ముప్పా అన్న గొడవ ఆగలేదు. ప్రభుత్వం మారాక 2010 ఆగస్టులో దాన్ని ఆపేశారు.

అమెరికాలో ఇన్‌బ్లూమ్ అనే లాభాపేక్ష లేని సంస్థ బడుల సమాచారాన్ని ఒకేచోటికి తెచ్చే వేదికగా 2013లో మొదలైంది. గేట్స్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ నుంచి దాదాపు 10 కోట్ల డాలర్ల నిధులొచ్చాయి. మరుసటి ఏడాదే మూతపడింది. సాంకేతికత పనిచేయక కాదు. తమ పిల్లల వివరాలు ఎవరి చేతుల్లో పడతాయోనన్న తల్లిదండ్రుల ఆందోళనకు సంస్థ నమ్మదగిన జవాబు ఇవ్వలేకపోయింది.

ఈ రెండు ఉదంతాల ముందు నిలబడితే చిన్న సహాయ సేవ చేయగలిగింది గడుల స్థాయిలోనే ఉంటుంది. 2018 మే నుంచి అమల్లో ఉన్న ఐరోపా డేటా రక్షణ చట్టం, పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలంటుంది. అంటే ప్రతి గడికీ "ఇది ఎవరికి, ఏ పనికి" అన్న జవాబు ఉండాలి. కుటుంబ ఆదాయం గడి ఉంది, దాన్ని ఏ నివేదికా వాడదు, ఏ నిర్ణయమూ దాని మీద ఆధారపడదు. మరి ఎందుకుంది? "ఎప్పుడైనా పనికొస్తుందేమో" అన్నది ఆ చట్టం ఒప్పుకునే కారణం కాదు.

ఎవరు ఏం చూడాలన్నది తర్వాతి ప్రశ్న. పరికరాలు అందజేసే ఉద్యోగికి ఏ పిల్లకు ఏ యంత్రం ఇవ్వాలో తెలిస్తే చాలు, కౌన్సెలింగ్ నోట్సు కనిపించకూడదు. ఇది పట్టికలు గీస్తున్నప్పుడే అనుకోవాలి. నోట్సునూ పరికరాన్నీ ఒకే వరుసలో పెట్టాక విడదీసి చూపించడం కష్టం.

పేర్లు తీసేస్తే చాలనుకోవడం అన్నిటికన్నా వ్యాప్తిలో ఉన్న అపోహ. లాటన్యా స్వీనీ అనే పరిశోధకురాలు అమెరికా జనాభా లెక్కల మీద లెక్కగట్టి, పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ లాంటి ఐదంకెల జిప్ కోడ్ ఈ మూడింటితోనే 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని తేల్చింది. బడి స్థాయిలో ఇంకా తక్కువ చాలు. "ఈ బడిలో నాలుగో తరగతి, వినికిడి లోపం: 1" అని నివేదికలో వస్తే, ఆ బడిలో చదివే ప్రతి పిల్లకూ అదెవరో తెలుసు. అందుకే ఐదు కంటే తక్కువ సంఖ్య వచ్చినచోట అంకె చూపించకుండా దాచే పద్ధతి ఉంది. దాచిన అంకెను మొత్తంలోంచి మిగతావి తీసేసి కనుక్కునే వీలు లేకుండా ఇంకో గడిని కూడా దాచాల్సి వస్తుంది. నివేదిక చదివేవాళ్లకు ఇది చిరాకే.

కొనడం, కట్టించుకోవడం

దీని మీద రాసేవాళ్లు ఎక్కువ గనుక క్లుప్తంగా చెబుతాను. సిద్ధంగా దొరికేది త్వరగా మొదలవుతుంది, కానీ వాళ్ల పట్టికల్లో మన పనిని ఇరికించాలి. కట్టించుకున్నది మన పనికి సరిగ్గా సరిపోతుంది, కానీ కట్టినవాళ్లు వెళ్లిపోతే దాన్ని మార్చగలిగేవాళ్లుండాలి. ఒంటరిగా పనిచేసే డెవలపరు చేతిలో ఉన్న మంచి డేటాబేస్ కన్నా, నలుగురికి తెలిసిన మామూలు డేటాబేస్ ఎక్కువ కాలం బతకడం మామూలే. రెండింట్లో ఏదైనా, మొత్తం సమాచారాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు చదవగలిగే రూపంలో బయటికి తీసుకునే వీలుందా అన్నది సంతకం పెట్టకముందే చూసుకోవాలి.

పాత ఫైళ్లు తెచ్చే పని

ప్లాన్‌లో ఒక గీతగా రాసి, అమల్లో నెలలు తినేసేది పాత సమాచారాన్ని కొత్త డేటాబేస్‌లోకి తరలించడం. తేదీలతోనే మొదలవుతుంది. 05/06/2019 అని ఉంది. జూన్ 5వ తేదీయా, మే 6వ తేదీయా? ఒకే ఫైల్లో ఇద్దరు రెండు రకాలుగా రాసి ఉంటారు. 25/06/2019 లాంటివి తమంతట తామే తేలిపోతాయి. రోజు 12 లోపు ఉన్నవాటిని ఇతర ఆధారాలతో పోల్చాలి. సంవత్సరం, నెల, రోజు వరుసలో 2019-06-05 అని రాసే అంతర్జాతీయ ప్రమాణం 1988 నుంచే ఉంది. పాత ఫైళ్లు రాసినవాళ్లకు ఎవరూ చెప్పలేదంతే.

ఏ తేదీ ఎటూ తేలకపోతే దాన్ని ఊహించి నింపాలా, ఖాళీగా వదలాలా? ఊహిస్తే నివేదికలు నిండుగా కనిపిస్తాయి. వదిలేస్తే ఎదురుచూపు రోజుల సగటులో కొందరు పిల్లలు లేకుండా పోతారు. మధ్యమార్గంగా కొందరు "తేదీ అంచనా" అని పక్కన ఒక గడి పెట్టి, లెక్కల్లో దాన్ని కలపాలో వద్దో నివేదిక తీసేవాళ్లకే వదిలేస్తారు.

ఆ తర్వాత రంగులు. చాలాకాలం నడిచిన స్ప్రెడ్‌షీట్‌లలో కొన్ని వరుసలు పసుపు, కొన్ని ఆకుపచ్చ, రెండో మూడో ఎరుపు. ఆకుపచ్చ అంటే సాయం ముగిసిందని అడిగితే చెబుతారు. ఎరుపు అంటే ఇంటికి ఫోను చెయ్యొద్దని, బడి ద్వారానే మాట్లాడాలని. పసుపు రంగు వేసినామె ఉద్యోగం మానేసి మూడేళ్లయింది. డేటాబేస్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్ సాధారణంగా గడిలోని అక్షరాల్నే చదువుతుంది, రంగును చదవదు. అందుకని తరలింపుకు ముందు ఒకరు కూర్చుని ఆ ఎర్ర వరుసల్ని ఒక్కొక్కటిగా చూసి, "ఇంటికి ఫోను చెయ్యకూడదు" అన్న కొత్త గడిలో చేత్తో గుర్తు పెట్టాలి. పసుపు వరుసల కోసం మూడేళ్ల కిందట మానేసినామె నంబరు వెతకాలి.